రెండడుగుల గోడ మీద ఒక్క అంగుళం సిమెంటు

రెండేళ్ళ కింద నవంబరులో ఒకరోజు పాప గదిలో బట్టల బీరువా పక్కకి జరిపాను. వెనక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది. చెయ్యి పెడితే తడి తగిలింది. బీరువాలో కింది వరస స్వెటర్లన్నీ ముక్కిపోయిన వాసన. ఆ రాత్రే పాప మంచం మా గదిలోకి మార్చేశాం. తనకి అప్పటికే పదిరోజులుగా దగ్గు. ఆ దగ్గు దీనివల్లే వచ్చిందేమోనన్న టెన్షన్‌తో ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మేముండేది ఇంగ్లండులో, సైరన్‌సెస్టర్‌కి దగ్గర్లో ఒక చిన్న పల్లెటూళ్ళో, అద్దె ఇంట్లో. ఇల్లు 17వ శతాబ్దం నాటిది. తేనె రంగు రాయి, నిటారుగా లేచిన కప్పు, రాతి చట్రాల్లో చిన్న చిన్న అద్దాలు. కాట్స్‌వోల్డ్స్ అనే ఈ ప్రాంతం ఫోటోలు చూసినవాళ్ళకి వేరే వర్ణించక్కర్లేదు.

ఇంటావిడ ముందు చెమ్మ బాగుచేసే కంపెనీ మనిషిని పంపింది. రెండు సూదులున్న మీటరు గోడకి గుచ్చాడు, అది కీ అని కూసింది. నేలలోంచి చెమ్మ పైకెక్కుతోంది, గోడ అడుగున వరసగా బెజ్జాలు వేసి మందు ఎక్కించాలి, లోపలివైపు నీళ్ళు పట్టని ప్లాస్టరు కొట్టాలి అన్నాడు. వేల పౌండ్ల లెక్క చెప్పి వెళ్ళిపోయాడు. బయటికి వెళ్ళి గోడ మాత్రం చూడలేదు.

ఇంటావిడకి ఎందుకో అనుమానం వచ్చి, పాత ఇళ్ళ పనే చేసే ఒక పెద్ద వయసు మేస్త్రీని పిలిపించింది. ఆయన ముందు లోపలికే రాలేదు. ఇంటి చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేసి, పాప గది వెనక గోడ దగ్గర ఆగాడు. రాయికీ రాయికీ మధ్య సందులో సన్నటి ఉలి పెట్టి సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. జానెడు పొడవు, అంగుళం మందం ఉన్న సిమెంటు ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాని అంచుకి పక్కనున్న రాయి ముఖం కూడా పలకలా అంటుకుని వచ్చేసింది. వెనకున్న సందులో వేలు పెట్టమన్నాడు. వానకి నానిన తోటమట్టిలా, గోధుమరంగులో, చల్లగా ఉంది. 

"మీ చెమ్మ ఇదే. గోడ మందం రెండడుగులు. లోపల తడి ఉంది, పోయే దారి లేదు. దారి మూసింది ఈ అంగుళం సిమెంటు" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం. రెండో కారణం మా ఫ్రెండు. స్విండన్‌లో కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్నాడు. ఆ తర్వాతి ఉగాదికి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. గోడ సంగతంతా విని, పులిహోర కలుపుకుంటూ, "చూడ్డానికి బాగుంటుందని ఇలాంటివి ఉంచుతున్నారు గానీ, మనుషులుండే ఇళ్ళా ఇవి? ముందు గోడ అలాగే ఉంచి లోపలంతా కొత్తగా కట్టుకోవచ్చుగా" అన్నాడు. వాడు తేలిగ్గా అన్న మాట కాదది. నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఏడాదిన్నర నుంచి ఆలోచిస్తున్నాను.

నాకు చివరికి తేలింది ఒకటి. ఈ ఇళ్ళ గొప్పతనమంతా ముందు గోడలో ఉందని వాడు అనుకుంటున్నాడు. ఇక్కడి టూరిస్టులు అలాగే అనుకుంటున్నారు, ఇక్కడి చట్టం కూడా చాలావరకు అలాగే చూస్తోంది. నా అభిప్రాయంలో ఈ ఇంటి నిర్మాణం ఉన్నది దాన్ని బాగుచేసే పద్ధతిలో. ఆ పద్ధతి పోతే ముందు గోడ ఎంత భద్రంగా ఉన్నా ఇల్లు పోయినట్టే.

చేపగుడ్ల రాయి

మాది బేతంచెర్ల దగ్గరి ఊరు. నాపరాళ్ళ మధ్య పెరిగాం. ఇంట్లో నేల నాపరాయి, అరుగు నాపరాయి, దొడ్డి చుట్టూ నిలబెట్టిన బండలు నాపరాయి. రాయంటే నీళ్ళు పోస్తే జారిపోయేది, ఎండకీ వానకీ చలించనిది అన్న నమ్మకం నాకు అక్కడే ఏర్పడింది. ఈ ఊళ్ళోకి వచ్చాక కూడా అదే కళ్ళతో చూశాను. రాతి ఇల్లు కదా, దీనికేం అవుతుంది అనుకున్నాను.

నాపరాయీ కాట్స్‌వోల్డ్స్ రాయీ రెండూ సున్నపురాళ్ళే, కానీ స్వభావంలో దూరపు చుట్టాలు. మన నాపరాయి దీనికన్నా ఎన్నో రెట్లు పాతది, బిగువైనది. ఇక్కడి రాయి సుమారు 16–17 కోట్ల ఏళ్ళ కింద, ఈ ప్రాంతమంతా వెచ్చని లోతులేని సముద్రంగా ఉన్నప్పుడు పుట్టింది. అలలకి అటూ ఇటూ దొర్లే ఇసుక రేణువుల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని, సన్నటి గుళ్ళయి, ఆ గుళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాయి అయింది. విరిగిన ముక్కని ఎండలో పట్టుకుని దగ్గరగా చూస్తే అచ్చం చేప గుడ్లలా కనిపిస్తాయి. ఊలైట్ అన్న దాని పేరుకి అర్థం కూడా గుడ్డురాయి అనే. రాయిలో ఉన్న ఇనుము వల్ల ఆ తేనె రంగు. ఉత్తరం వైపు ఊళ్ళలో బంగారు ఛాయ ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ పాలిపోయి మీగడ రంగుకి తిరుగుతుంది.

ఆ గుళ్ళ మధ్య ఖాళీలుంటాయి. రాయి నీళ్ళు తాగుతుంది, ఎండొస్తే వదిలేస్తుంది. గనిలోంచి తీసిన కొత్తలో లోపలి తడి వల్ల మెత్తగా ఉండి ఉలికి ఇట్టే లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ పైభాగం గట్టిపడుతుంది. కట్టేటప్పుడు రాయి గనిలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. నిలువుగా తిప్పి పెడితే పొరలు బయటికి తిరిగి, మంచుకాలంలో ఆకుల్లా రాలిపోతాయి. మా గోడలో అలాంటి రాయి ఒకటుంది. మేస్త్రీ దాన్ని చూపించి, మూడొందల ఏళ్ళ కింద ఎవరో ఒక సాయంత్రం తొందరపడ్డారు అన్నాడు.

గోడ మొత్తం ఒకే రాయి మందం కూడా కాదు. లోపలివైపు ఒక వరస, బయటివైపు ఒక వరస, నడుమ రాళ్ళ ముక్కలూ మట్టీ సున్నమూ. అక్కడక్కడా రెండు వరసల్నీ కలుపుతూ అడ్డంగా పొడవాటి రాయి వేస్తారు. మూలలకి మాత్రమే బాగా చెక్కిన పెద్ద రాళ్ళు. అడుగున పునాది పెద్దగా లేదు, నేల చెమ్మని ఆపే పొర అసలే లేదు. మరి 350 ఏళ్ళు ఎలా నిలబడింది? లోపలికి వచ్చిన తడి సందుల్లోని సున్నం గుండా బయటికి పోతూ ఉంది కాబట్టి. సందులో పెట్టే మాలు రాయికన్నా మెత్తగా ఉండాలన్నది ఇక్కడి పాత సూత్రం. ఇల్లు కాస్త కుంగినా సున్నం సర్దుకుంటుంది, ఉప్పు పేరుకుంటే సున్నంలో పేరుకుంటుంది, మంచుకి ఏదైనా రాలిపోవాల్సి వస్తే ముందు సున్నం రాలుతుంది. కొన్ని తరాలకొకసారి దాన్ని గీకేసి కొత్తది పెట్టుకుంటారు, రాయి అలాగే ఉంటుంది. సిమెంటు దీనికి పూర్తిగా తలకిందులు. అది గట్టిగా నిలబడి తన బదులు రాయిని రాలగొడుతుంది. మా గోడలో కొన్నిచోట్ల సిమెంటు గీతలు పక్కటెముకల్లా పైకి తేలి కనిపించేవి, మధ్యలో రాళ్ళు లోపలికి అరిగిపోయి ఉండేవి. అది పాతకాలపు అందం అనుకుని నేను ఫోటోలు తీశాను. అది జబ్బని మేస్త్రీ చెప్పేదాకా తెలియలేదు.

ఈ సంగతి ఫోన్లో మా చిన్నాయనకి చెప్పాను. ఆయన తాపీ పనిలోనే జీవితం గడిపిన మనిషి. గానుగ సున్నం ఆడించిన రోజులు చూశాడు. నేను సగం చెప్పేలోపే, "సున్నం గోడకు సిమెంటు ఎవరు పూయమన్నార్రా? రెంటికీ పడదు గదా" అన్నాడు. ఆయన ఇంగ్లండు చూడలేదు.

కప్పు నుంచి కిందికి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఇంటి ఆకారమంతా కప్పులోంచే పుట్టింది.

కప్పు మీదున్నవి పెంకులు కావు, రాతి పలకలు. పలచగా పొరలు విడిపోయే సున్నపురాయి కొన్నిచోట్ల దొరుకుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్ అన్న ఊరు దీనికి పెట్టింది పేరు. అక్కడ రాయిని చలికాలానికి ముందు తవ్వి తీసి, ఆరిపోకుండా మట్టి కప్పి తడిగా ఉంచేవారు. గడ్డకట్టే చలి వచ్చిన రాత్రి పైకి తీసి పరిచేవారు. రాయిలోని నీరు మంచై ఉబ్బి పొరల్ని విడగొట్టేది. ఆ పని ఉలితో చేయించలేరు. చలి సరిగా పడని ఏడాది పలకలు లేవు. ఆ గనుల్లోనే దొరికిన ఎముకల్ని చూసి 1824లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు విలియం బక్లాండ్ మెగలోసారస్ అని పేరు పెట్టాడు. శాస్త్రీయంగా పేరు పొందిన మొట్టమొదటి డైనోసార్ అదే. ఇళ్ళ కప్పుల కోసం తవ్వుతుంటే బయటపడిందది. మా పాపకి ఈ ఇంటి విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన కబురు ఇదే.

పలకలన్నీ ఒకే సైజులో రావు. పెద్దవీ చిన్నవీ ఏదీ పారెయ్యకుండా వాడాలంటే ఒకటే మార్గం: చూరు దగ్గర అన్నిటికన్నా పెద్దవి, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేతంత చిట్టి పలకలు. ప్రతి సైజుకీ పనివాళ్ళు పెట్టుకున్న పేర్లున్నాయి. ఒక సైజుని బ్యాచిలర్లు అంటారు. పలకకి పైన ఒక బెజ్జం, దాంట్లో ఓక్ చెక్క సీల, ఆ సీలతో బద్దెకి తగిలిస్తారు. అడుగువైపు సున్నంలో జంతువుల వెంట్రుకలు కలిపి మెత్తుతారు.

పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీళ్ళు తాగుతాయి. నీరు నిలవకుండా గబగబా జారిపోవాలంటే కప్పు నిటారుగా లేవాలి, వాలు 50 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. కప్పు అంత ఎత్తు లేస్తే లోపల ఒక గది పట్టేంత చోటు ఊరికే దొరుకుతుంది. ఆ గదికి వెలుతురు కావాలంటే ముందు గోడని కప్పులోకి ముక్కోణంలా పైకి లేపి కిటికీ పెట్టాలి. కాట్స్‌వోల్డ్స్ ఇల్లంటే అందరికీ గుర్తొచ్చే ఆ ముక్కోణాలు అలా వచ్చినవే. అంత బరువు మోసే దూలాలు ఎక్కువ దూరం సాగవు కాబట్టి ఇల్లు ఒక్క గది వెడల్పే ఉంటుంది. ఇంకో గది కావాలంటే పక్కనే పొడవుగా కలుపుకుంటూ పోవాలి. ఈ ఊరి ఇళ్ళన్నీ రోడ్డు వెంబడి సన్నగా పొడవుగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

కిటికీ కూడా అంతే. పెద్ద అద్దం చేయడం రాని కాలంలో చిన్న ముక్కల్ని సీసపు బద్దీలతో అతికి, రాతి కమ్మీల మధ్య బిగించేవారు. కిటికీ నెత్తిన రాతి చట్టం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి, రెండు చివర్లా కిందికి వంగి ఉంటుంది. గోడ మీద జారే వాన నీరు దాన్ని తాకి పక్కకి మళ్ళి, కిటికీకి దూరంగా కింద పడుతుంది. వాన పడేటప్పుడు నేను ఎదుటింటి దగ్గర నిలబడి దాన్నే చూస్తుంటాను. ఆ చివర్లలోంచి బొట్టు బొట్టుగా నీరు వదలడం చూస్తే, దాన్ని చెక్కినవాడు ఇలాంటి వానలోనే నిలబడి ఆలోచించి ఉంటాడనిపిస్తుంది.

పొయ్యి పైనున్న ఓక్ దూలం మీద కాంపస్‌తో గీసిన ఆరు రేకుల పువ్వు ఒకటుంది. అరచేతిలో సగం ఉంటుంది. పొగగొట్టం గుండా చెడు లోపలికి రాకుండా ఇలాంటివి గీసేవారట. ఇల్లు అద్దెకి తీసుకున్న రోజు దాన్ని చూసి మా ఇంట్లోవాళ్ళు ముగ్గు అన్నారు. ఇప్పటికీ మేం దాన్ని అలాగే పిలుస్తాం.

ఇవన్నీ చెప్పడంలో నా ఉద్దేశం ఒకటే. ఇక్కడ అందం కోసం విడిగా చేసినది చాలా తక్కువ. రాయి ఎలా విడిపోతుంది, నీరు ఎటు పోతుంది, దూలం ఎంత దూరం సాగుతుంది అన్న లెక్కల్లోంచి వచ్చిన రూపమిది. ముందు గోడ ఉంచి వెనకంతా మార్చేస్తే ఆ లెక్కకి సంబంధించినదేదీ మిగలదు.

పోస్టుకార్డు ఊళ్ళ సంగతి

నా వాదనకి ఎదురొచ్చేవి చాలా ఉన్నాయి, దాటవేసి లాభం లేదు.

మొదటిది, ఈ ఇళ్ళ మీద ప్రేమ చాలాసార్లు వాటిలో బతికినవాళ్ళ కష్టాన్ని మర్చిపోయి మొదలవుతుంది. బైబరీ ఊళ్ళో ఆర్లింగ్టన్ రో అని ఒక ఇళ్ళ వరుస ఉంది, బ్రిటన్ పాస్‌పోర్టులో కూడా దాని బొమ్మ వేశారు. 1380 ప్రాంతంలో మఠం వాళ్ళ ఉన్ని గిడ్డంగిగా కట్టారు, 17వ శతాబ్దంలో దాన్ని చిన్న చిన్న ఇళ్ళుగా విడగొట్టి నేతగాళ్ళకి ఇచ్చారు. అక్కడ నిలబడి ఆ తలుపుల్నీ ఆ కిటికీల్నీ చూస్తే, మగ్గం, పిల్లలు, వంట, పడక అన్నీ ఆ ఇరుకులోనే ఎలా సాగాయో ఊహించడం కష్టం కాదు. మగ్గం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ ఊళ్ళు ఇలా మిగలడానికి కారణం ఎవరో ముందుచూపుతో కాపాడటం కాదు. ఉన్ని వ్యాపారం జోరుగా ఉన్నప్పుడు కట్టుకున్నారు. తర్వాత బట్టల పరిశ్రమ యార్క్‌షైర్ మిల్లులకి తరలిపోయింది, 1870ల నుంచి వ్యవసాయం కూడా దెబ్బతింది. కూల్చి కొత్తవి కట్టుకునే డబ్బు ఎవరి దగ్గరా లేక పాతవాటికే మాట్లు వేసుకుంటూ బతికారు. ఇవాళ లక్షల పౌండ్లు పోసి కొనే ఇల్లు ఒకప్పుడు గతిలేక ఉంచుకున్న ఇల్లు. అందులో పుట్టి పెరిగిన కుటుంబాల పిల్లలు ఈ ఊళ్ళో ఇల్లు కొనలేక వేరే ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. మా వీధిలో రెండిళ్ళు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటాయి. నేను కూడా అద్దెకి వచ్చిన పరదేశినే, ఎవరినీ తప్పు పట్టే స్థానంలో లేను. కానీ మనిషి లేని ఇంట్లో చలికాలం పొయ్యి వెలగదు, కిటికీ తెరవరు, గోడ ఆరదు. మనుషులుంటేనే ఈ ఇల్లు బాగుంటుంది, ఆ మనుషులే ఉండలేని ధరకి చేరింది.

అదే బైబరీలో 2017లో ఒక ముసలాయన పసుపుపచ్చ కారుని ఎవరో గీసి, అద్దం పగలగొట్టారు. ఆయన ఇంటి ముందు ఆయన కారు ఫోటోలకి అడ్డొస్తోందని అంతకుముందు నుంచే టూరిస్టులు సణుగుతున్నారు. ఆ తర్వాత దేశంలో పలుచోట్ల నుంచి పసుపు కార్లవాళ్ళు వరుసగట్టి ఆ ఊరికి వచ్చి ఆయనకి మద్దతు చెప్పారు. ఇల్లు బొమ్మగా మారిపోవడం అంటే ఏమిటో ఈ ఒక్క సంఘటనలో ఉంది. అమెరికా కార్ల యజమాని హెన్రీ ఫోర్డ్ ఏకంగా ఇక్కడి చెడ్‌వర్త్ ఊళ్ళోంచి ఒక పాత ఇల్లు కొని, రాళ్ళకి నంబర్లు వేయించి, ఓడెక్కించి, 1930లో మిషిగన్‌లోని తన మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టించాడు. ఆ ఇల్లు ఇంకా అక్కడే ఉంది. చూడ్డానికి అన్నీ ఉన్నాయి, గొర్రెల మంద ఒకటి కూడా తీసుకెళ్ళారు.

అసలు మనం మురిసిపోయే ఈ ఒట్టి రాతి ముఖమే చాలా ఇళ్ళకి మొదట్లో లేదు. మామూలు రాళ్ళతో కట్టిన గోడలకి చాలాచోట్ల సున్నం వెల్ల వేసేవారు. 19వ శతాబ్దంలో చర్చిల మీది పాత ప్లాస్టరంతా గీకేసి రాయి బయటపెట్టే వేలంవెర్రి వచ్చింది. అది చూసి కడుపుమండిన విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. పాత కట్టడాన్ని ఊహించి కొత్తగా తయారుచేయొద్దు, రోజువారీ శ్రద్ధతో పాడవకుండా చూసుకోండి అన్నది ఆయన మాట. బైబరీని ఇంగ్లండులోకెల్లా అందమైన ఊరని మెచ్చుకున్నదీ ఆయనే. అందరూ ఆ మెచ్చుకోలు గుర్తుపెట్టుకున్నారు. రోజూ శ్రద్ధగా చూసుకోమన్న మాట అంతగా గుర్తుపెట్టుకోలేదు.

చలి

మా ఫ్రెండు వాదనలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది చలి. వాడి ఇంటికి కరెంటు, గ్యాసు పొదుపులో 'బీ' రేటింగు. మాది 'ఈ', అదీ బొటాబొటిగా. జనవరి గ్యాసు బిల్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నా నోట మాట రాలేదు. పాప ఆరోగ్యం ముందు చరిత్ర గురించి మాట్లాడే హక్కు నాకుందా అని ఆ చలికాలమంతా నన్ను నేను అడుక్కున్నాను. పసిపిల్లలున్న ఇల్లు వెచ్చగా, పొడిగా ఉండాలి. ఇందులో రెండో మాటకి తావు లేదు.

అయితే రెండు విషయాలు తర్వాత తెలిశాయి. ఒకటి, మోరిస్ పెట్టిన ఆ సంఘమే ఈమధ్య పాత గోడల మీద పరికరాలు పెట్టి కొలిచింది. కంప్యూటరు లెక్కలు చెప్పినదానికన్నా చాలా గోడలు వేడిని బాగా నిలుపుతున్నాయని తేలింది. రెండు, తడిసిన గోడ పొడి గోడకన్నా ఎక్కువ వేడిని బయటికి వదిలేస్తుంది. అంటే మా చలిలో కొంత భాగం పాత ఇంటిది కాదు, ఆ సిమెంటుది. వేడి నిలవాలని లోపల ప్లాస్టిక్ ఫోము పలకలు బిగించి ఉంటే గోడ రెండువైపులా ఊపిరి మూసుకుపోయి దూలాల చివర్లు కుళ్ళేవి. అటక మీద గొర్రె ఉన్ని పరిచాం, తలుపు సందులకి పట్టీలు వేశాం, కిటికీలకి మందపాటి తెరలు. బిల్లు తగ్గింది. వాడి బిల్లంత తగ్గలేదు, ఎప్పటికీ తగ్గదు కూడా. ఈ విషయంలో వాడిదే పైచేయి, ఒప్పుకుంటున్నాను.

చట్టం ఎక్కడిదాకా చూస్తుంది

ఇంగ్లండులో రక్షిత జాబితాలో సుమారు 4 లక్షల నమోదులున్నాయి. అందులో నూటికి 90కి పైగా గ్రేడ్ 2, అంటే జాబితాలో కింది స్థాయి. మా ఇల్లు కూడా అదే. అనుమతి లేకుండా దాని స్వరూపం మారిస్తే క్రిమినల్ నేరం. కిటికీ మార్చాలన్నా, లోపలి మెట్లు కదపాలన్నా కౌన్సిలుకి రాయాలి. మంచిదే. కానీ మా గోడ సందుల్లో సిమెంటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. రోడ్డు మీంచి చూస్తే ఇల్లు ఇల్లులాగే ఉంది. లోపల గోడ నానిపోతోంది.

డబ్బు సంగతి ఇంకా అన్యాయం. పొలంలో కొత్త ఇల్లు కట్టించుకుంటే పని మీద వ్యాట్ సున్నా. మూడొందల ఏళ్ళ ఇంటికి సున్నం పెట్టించుకుంటే 20 శాతం. అనుమతి తీసుకుని చేసే మార్పులకి ఒకప్పుడు మినహాయింపు ఉండేది, 2012లో అదీ తీసేశారు. ఊరు అలాగే ఉండాలని ఒక చేత్తో చట్టం రాసి, ఉంచుకునేవాడి దగ్గర ఇంకో చేత్తో పన్ను పిండుకోవడం నాకు మింగుడు పడదు. మరమ్మతుకి పన్ను తీసేస్తే సరిపోతుంది, కొత్త పథకాలేవీ అక్కర్లేదు.

ఊరి చివర కొత్తగా కట్టిన ఇళ్ళు ఉన్నాయి. రాయి పొడి, సిమెంటు కలిపి అచ్చు పోసిన దిమ్మెలతో, రాతి పలకల్లా కనిపించే కాంక్రీటు పెంకులతో కట్టారు. రంగు సరిపోయింది, వాలు సరిపోయింది. వాటిలో ఉండేవాళ్ళు వెచ్చగా ఉన్నారు, అందుకు నాకు సంతోషమే. కానీ వాటిని చూసి ఊరి రూపం కాపాడామని చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆ ఇళ్ళ పనిలో మా మేస్త్రీ లాంటివాడికి ఒక్కరోజు కూలీ కూడా దొరకదు.

సున్నం పెట్టిన వారం

నవంబరులో జబ్బు తెలిసినా పని మొదలైంది మే నెలలో. మంచు పడే కాలంలో సున్నం పెట్టకూడదు, ఆరకముందే గడ్డకట్టి రాలిపోతుంది. ఆరు నెలలు పాప మా గదిలోనే పడుకుంది. మాకు ఓపిక నశించింది, ఇంటావిడతో ఒకసారి మాట కూడా పెరిగింది. 

మేస్త్రీ, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇరవయ్యేళ్ళ అమ్మాయి, ఇద్దరే వచ్చారు. సిమెంటు కోసే మెషీను తేలేదు, అది రాయి అంచుల్ని తినేస్తుందట. ఉలితోనే సందు సందూ తవ్వారు. తర్వాత గోడని తడిపారు. ఎండిన రాయి సున్నంలోని నీరంతా పీల్చేస్తుంది కాబట్టి మాలు పెట్టేముందు నీళ్ళు చల్లడం తప్పనిసరి. సున్నం, ఇసుక కలిపిన మాలుని తాపీ మీదుగా సన్నటి ఇనప పట్టీతో లోపలికంటా నొక్కుకుంటూ పెట్టారు. కాస్త గట్టిపడ్డాక గరుకు బ్రష్షు కుచ్చుతో టపటపా కొట్టారు, పైన చిన్న చిన్న రంధ్రాలు తెరుచుకోవాలని. సాయంత్రాలు తడి గోనెపట్టలు వేలాడదీసి వెళ్ళేవారు. అవి ఆరకుండా రోజుకి మూడుసార్లు నీళ్ళు చల్లే డ్యూటీ పాపది. 

గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల లెక్కేసుకోండి అన్నాడాయన. రెండడుగుల గోడ, రెండేళ్ళు. ఇప్పటికి పద్దెనిమిది నెలలైంది. బూజు మళ్ళీ రాలేదు. పాప తన గదిలోకి వెళ్ళిపోయింది, బీరువా మాత్రం గోడకి జానెడు ఎడంగా ఉంది.

మొన్న ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. మూల దగ్గర ఒకచోట సున్నం వెంట్రుకవాసి చీలిందని ఫోటో పంపాను. చూసి, వేలితో తడిమి, ఇది మంచిదే, గోడ ఆరుతూ కదిలింది అంది. వేసవిలో పూడుద్దామంది. వెళ్ళేముందు మా షెడ్డులో ఒక బక్కెట్టు పెట్టింది. నానబెట్టిన సున్నం, పైన రెండంగుళాల నీళ్ళు, మూత. నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే పాతబడేకొద్దీ ఇంకా బాగవుతుందని చెప్పింది. మూత మీద మార్కరుతో తేదీ రాసింది. మా అద్దె గడువు వచ్చే మార్చిలో అయిపోతుంది. ఇంటి సామాన్ల జాబితాలో తాళాల కింద ఆ బక్కెట్టుని కూడా రాసి పెట్టాను.